హైస్కూల్ ఫుట్‌బాల్‌లో వేగవంతమైన స్ప్రెడ్ ఆఫెన్స్: నేర్పించే వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఆగస్టు చివర్లో మొదలై నవంబరు దాటేదాకా అమెరికాలోని టెక్సస్‌లో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాలే. ఫ్రిస్కో, ప్లేనో, ఐర్వింగ్ లాంటి ఊళ్లలో మనవాళ్ల పిల్లలు చాలాకాలంగా హాఫ్‌టైమ్‌లో బ్యాండ్ వాయిస్తున్నారు. ఇప్పుడు కొందరు హెల్మెట్ పెట్టుకుని మైదానంలోకీ దిగుతున్నారు. వాళ్లతోపాటు తల్లిదండ్రులు కూడా యూత్ లీగుల్లోనో, వేసవిలో జరిగే 7-ఆన్-7 (వైపుకి ఏడుగురితో, పాస్‌లతోనే సాగే ఆట) జట్లలోనో చేయి వేస్తున్నారు. అక్కడ అందరికీ ఎదురయ్యే పద్ధతి స్ప్రెడ్ ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్న జట్టు దాడి చేసే ఒక తీరు): పాస్ పట్టే రిసీవర్లు మైదానమంతా పరుచుకుని నిలబడతారు, ప్లేకీ ప్లేకీ మధ్య హడిల్ (గుమిగూడి తర్వాతి ప్లే చెప్పుకోవడం) ఉండదు, బంతి ఆగీ ఆగకముందే మళ్లీ స్నాప్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం).

ఇక్కడ వేగమంటే పిల్లలు పరుగెత్తే వేగం అని చాలామంది అనుకుంటారు. పరుగు వేగాన్ని ఒక్క సీజన్‌లో పెద్దగా పెంచలేం. కోచ్ చేతిలో ఉన్నది ఒక ప్లే ముగిసినప్పటి నుంచి తర్వాతి స్నాప్ దాకా పట్టే సమయం. దాన్ని తగ్గించాలంటే ప్లేలు తగ్గించాలి, మాటలు తగ్గించాలి. ఈ వ్యాసమంతా ఆ రెండు పనుల చుట్టూనే తిరుగుతుంది.

ఈ పద్ధతి చాలావరకు హైస్కూళ్లలో పుట్టి పైకి పాకింది. ఒహాయోలోని మిడిల్‌టౌన్ హైస్కూల్లో టైగర్ ఎలిసన్ 1950ల చివర్లోనే రిసీవర్లను విడగొట్టి ఆడించాడు. హాల్ మమ్మీ 1980ల్లో టెక్సస్‌లోని కాపరస్ కోవ్ హైస్కూల్ కోచ్‌గా ఉండగా మొదలుపెట్టిన ఆలోచనలే తర్వాత మరో కోచ్ మైక్ లీచ్‌తో కలిసి ఎయిర్ రెయిడ్ అనే పాస్‌ల పద్ధతి అయ్యాయి. గస్ మల్జాన్ ఆర్కన్సా హైస్కూళ్లలో హడిల్ తీసేసి ఆడించి, అక్కణ్నుంచి కాలేజీలకు వెళ్లాడు. డాలస్ పక్కనే ఉన్న సౌత్‌లేక్ క్యారల్ స్కూలుకి టాడ్ డాడ్జ్ ఇదే తరహా ఆటతో 2002, 2004, 2005, 2006లలో రాష్ట్ర టైటిళ్లు తెచ్చాడు. కాలేజీలా ఆటగాళ్లను ఏరి తెచ్చుకునే వీలు హైస్కూల్‌కి ఉండదు. ఆ వీధుల్లో పెరిగిన పిల్లలే జట్టు. భారీ కాయాలు లేని స్కూలు పెద్ద స్కూలుతో తలపడాలంటే స్థలాన్ని, సమయాన్ని వాడుకోక తప్పదు.

1. మైదానం కొలతలు తెలుసుకోండి

మైదానం వెడల్పు 160 అడుగులు. హైస్కూల్‌లో హాష్ గుర్తులు (మైదానం పొడవునా వేసే చిన్న గీతలు, ప్రతి ప్లేకీ బంతి వాటి మీదో, మధ్యనో పెడతారు) దాన్ని సరిగ్గా మూడు సమభాగాలు చేస్తాయి, ఒక్కోటి 53 అడుగుల 4 అంగుళాలు. కాలేజీలో రెండు హాష్‌ల మధ్య దూరం 40 అడుగులే, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. టీవీలో ఆదివారం చూసిన ప్లేని సోమవారం పిల్లలకు నేర్పబోయే కోచ్ ముందు ఈ లెక్క చూసుకోవాలి.

బంతి ఎడమ హాష్ మీద ఉంటే కుడివైపు సైడ్‌లైన్ దాకా దాదాపు 35 గజాల ఖాళీ ఉంటుంది. అటువైపు మైదానం మీద రాసిన గజాల అంకెల దగ్గర నిలబడ్డ రిసీవర్‌కి ఐదు గజాల హిచ్ (కొంచెం ముందుకెళ్లి ఆగి తిరిగినవాడికి వేసే పాస్) వేయాలన్నా బంతి పాతిక గజాలకు పైగా గాల్లో ప్రయాణించాలి. పదహారేళ్ల కుర్రాడి చేతికి అది చిన్న పాస్ కాదు. గాల్లో తేలిందంటే కార్నర్‌బ్యాక్ (బయటి రిసీవర్‌ని కాపలా కాసే డిఫెండర్) మధ్యలో దూరి ఎత్తుకుపోతాడు.

అందుకే మొదటిరోజే ఒక పరీక్ష పెట్టండి. క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాణ్ని) ఎడమ హాష్ మీద నిలబెట్టి కుడివైపు అంకెల దగ్గరికి హిచ్ విసిరించండి. బంతి గీత గీసినట్టు వెళ్తే ఆ పాస్ మీకుంది. వంపు తిరిగి వేలాడితే వెడల్పు వైపు బయటి పాస్‌లన్నీ జాబితాలోంచి కొట్టేయండి. అలాంటి చేతితోనూ ఈ ఆఫెన్స్ బాగానే నడుస్తుంది. వెడల్పు వైపు బబుల్ స్క్రీన్లు (లైన్ వెనకే ఉన్న రిసీవర్‌కి వేసే చిన్న పాస్‌లు), జెట్ స్వీప్‌లు (అడ్డంగా పరుగెత్తుకొచ్చే రిసీవర్‌కి బంతి అందించే పరుగులు) పెట్టండి, ఇరుకు వైపు హిచ్‌లు, స్లాంట్‌లు (రిసీవర్ ఏటవాలుగా లోపలికి పరుగెత్తే పాస్‌లు) పెట్టండి. చేతి బలాన్ని బట్టి ప్లేలు ఎంచుకోవాలి గాని, ప్లేల కోసం చేతి బలం వస్తుందని ఎదురుచూస్తే సీజన్ అయిపోతుంది.

పరుచుకుని నిలబడటం దేనికో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. కబడ్డీలో రైడర్ మూలకి వెళ్లి, గొలుసు కట్టిన వాళ్లలో ఒకణ్ని విడదీసి తాకి వస్తాడు చూడండి, ఇక్కడా పని అదే. డిఫెన్స్‌లో ఒకణ్ని ఒంటరిని చేసి, వాడెటు కదిలితే దానికి ఎదురు దిక్కున బంతి పంపాలి.

2. అందరికంటే ముందు సెంటర్

కొత్త కోచ్‌లు క్వార్టర్‌బ్యాక్ వేటలో పడతారు. నా దృష్టిలో ఈ ఆఫెన్స్‌కి మొదట వెతకాల్సింది సెంటర్‌నే, అంటే బంతిని స్నాప్ చేసేవాణ్నే. ప్రతి ప్లే ఐదు గజాల వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌కి షాట్‌గన్ స్నాప్‌తో మొదలవుతుంది. బంతి మోకాళ్ల దగ్గరికో తలపైకో వెళితే క్వార్టర్‌బ్యాక్ చూపు డిఫెన్స్ మీంచి బంతి మీదికి దిగిపోతుంది. అక్కడితో ఆ ప్లేలో చూసి నిర్ణయించాల్సిందంతా పోయినట్టే.

బంతి గిరగిరా తిరుగుతూ వెళ్లే స్పైరల్ స్నాప్ కుదరని కుర్రాడికి డెడ్ స్నాప్ నేర్పండి. బంతిని ముందు కొన దగ్గర పట్టుకుని, మణికట్టు విదిలించకుండా, చేయి లోలకంలా వెనక్కి ఊపి వదిలేయాలి. బంతి మెల్లగా తేలుతూ వస్తుంది, పట్టుకోవడం తేలిక. గురి బొడ్డు నుంచి ఛాతీ మధ్య. ప్రాక్టీస్ మొదలవ్వకముందు పది నిమిషాలు, ఎదురుగా ఒకణ్ని నిలబెట్టి, స్నాప్ చేసిన వెంటనే వాణ్ని బ్లాక్ చేయించండి. ఎదురు మనిషి లేకుండా చేసే స్నాప్ ఆటలో అక్కరకు రాదు.

ఇక రిసీవర్ల విషయంలో ఎయిర్ రెయిడ్ కోచ్‌ల అలవాటు ఒకటి తప్పకుండా తీసుకోండి. ఎడమవైపు ఆడేవాడు ఎప్పుడూ ఎడమవైపే, కుడివైపు వాడు ఎప్పుడూ కుడివైపే. ప్లే మారినప్పుడల్లా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తే పని ఉండదు. ఈ ఒక్క నియమంతోనే ప్లేల మధ్య బోలెడంత సమయం మిగులుతుంది. పైగా ఒకే వైపు నుంచి ఒకే రూట్లు (పరుగు దారులు) వందలసార్లు పరుగెత్తిన పిల్లాడి అడుగులు తడబడవు.

3. పన్నెండు ప్లేలకు మించవద్దు

మొదటి సీజన్‌కి ఈ జాబితా చాలు. పరుగుల్లో ఇన్‌సైడ్ జోన్ (లైన్ మధ్యలోంచి పరుగు), జెట్ స్వీప్, డ్రా (పాస్ వేస్తున్నట్టు నటించి పరుగు). త్వరిత పాస్‌లలో హిచ్, స్లాంట్, స్టిక్. స్క్రీన్లలో బబుల్, రన్నింగ్ బ్యాక్‌కి (బంతి తీసుకుని పరుగెత్తేవాడికి) వేసే స్లో స్క్రీన్. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి అడుగులేసి వేసే పాస్‌లలో ఫోర్ వర్టికల్స్ (నలుగురు రిసీవర్లు నేరుగా లోతుకి), మెష్ (ఇద్దరు ఎదురెదురుగా అడ్డంగా దాటుకోవడం), వై-క్రాస్ (లోపలి రిసీవర్ మైదానానికి అడ్డంగా దాటడం). గోల్ లైన్ దగ్గర వాడుకోవడానికి క్వార్టర్‌బ్యాక్ పరుగు ఒకటి.

వీటిలో ఇన్‌సైడ్ జోన్‌కి ఎక్కువ సమయం పెట్టండి, మిగతావి దాని మీద ఆధారపడతాయి. ముందు వరుసలో బ్లాక్ చేసే లైన్‌మెన్‌కి ఒక్కటే ప్రశ్న నేర్పండి: “నా ఎదురుగా ఎవడైనా ఉన్నాడా?” ఉంటే వాణ్నే బ్లాక్ చేయాలి. లేకపోతే ప్లే వెళ్లే దిక్కున ఒక అడుగు వేసి, పక్కవాడితో కలిసి ఇద్దరూ భుజం భుజం ఆనించి ఎదుటివాణ్ని తోయాలి. వాడు కదిలాక ఇద్దరిలో ఒకడు విడిపడి లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ముందు వరుస వెనక నిలబడేవాడు) మీదికి వెళ్లాలి. ఎవరు విడిపడాలన్నది లైన్‌బ్యాకర్ ఎటు వస్తే దాన్నిబట్టి తేలుతుంది. ఎదుటి జట్టు ఏ ఫార్మేషన్‌లో నిలబడినా ఆ ప్రశ్న మారదు కాబట్టి పిల్లలు ఆలోచిస్తూ ఆగిపోరు.

దీనికే రిచ్ రాడ్రిగెజ్ 1990ల ఆరంభంలో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో జోన్ రీడ్ జోడించాడు. ప్లే వెళ్లే దిక్కుకి వెనకవైపున్న డిఫెన్సివ్ ఎండ్‌ని (డిఫెన్స్ ముందు వరుసలో చివరివాణ్ని) ఎవరూ బ్లాక్ చేయరు, వాణ్ని క్వార్టర్‌బ్యాక్ చూపుతోనే కట్టేస్తాడు. బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర ఉంచి ఎండ్ భుజాలు చూడాలి. భుజాలు లోపలికి తిరిగి రన్నింగ్ బ్యాక్ వెంటపడితే బంతి లాగేసుకుని వాడు వదిలిన చోటికి పరుగెత్తాలి. భుజాలు తనవైపే ఉంటే బంతి ఇచ్చేయాలి. అనుమానం వస్తే ఇచ్చేయడమే. అటూ ఇటూ ఊగిసలాడినప్పుడే బంతి నేల పాలవుతుంది.

పరుగా, పాసా తేల్చుకోవడానికి బాక్స్‌లో మనుషుల్ని లెక్కపెట్టడం నేర్పాలి. బాక్స్ అంటే మన లైన్‌కి ఎదురుగా, టాకిల్ నుంచి టాకిల్ (మన లైన్ రెండు చివర్లవాళ్లు) వెడల్పులో, లైన్‌బ్యాకర్ల లోతు వరకు ఉండే చోటు. మనకు ఐదుగురు బ్లాకర్లు, జోన్ రీడ్‌తో ఆరో వాడి లెక్కా తేలిపోతుంది. అక్కడ ఆరుగురు ఉంటే పరుగు. ఏడుగురు చేరితే బయట ఎక్కడో ఒక రిసీవర్ ఖాళీగా ఉన్నట్టే, పాస్ వేయాలి.

త్వరిత పాస్‌లలో స్టిక్ నేర్పితే క్వార్టర్‌బ్యాక్‌కి చదవడం వస్తుంది. బయటివాడు నేరుగా లోతుకి పరుగెత్తి కార్నర్‌ని తీసుకుపోతాడు. లోపలి రిసీవర్ ఐదారు గజాలు వెళ్లి ఆగి తిరుగుతాడు. మూడోవాడు సైడ్‌లైన్ వైపు అడ్డంగా పరుగెత్తుతాడు. క్వార్టర్‌బ్యాక్ చూడాల్సింది మధ్యలో చిక్కుకున్న ఆ ఒక్క డిఫెండర్‌ని. వాడు అడ్డంగా పోయినవాడి వెంట వెళితే ఆగినవాడికి, ఆగినవాడి దగ్గరే నిలబడితే అడ్డంగా పోయినవాడికి.

జోన్ రీడ్, స్టిక్ రెండూ కుదిరాకే పరుగు-పాస్ కలిపిన ఆర్‌పీవో జోలికి వెళ్లండి. లైన్‌మెన్ పరుగుకి బ్లాక్ చేస్తుంటే క్వార్టర్‌బ్యాక్ పాస్ వేస్తాడు కాబట్టి నిబంధన చూసుకోవాలి. ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ క్రీడల జాతీయ సమాఖ్య) నిబంధనల్లో బంతి చేతి నుంచి వదిలేలోగా లైన్‌మన్ రెండు గజాలు దాటి ముందుకు పోకూడదు. టెక్సస్ కాలేజీ నిబంధనలతో ఆడుతుంది, అక్కడ మూడు గజాలు. ఒక్క గజమే తేడా అయినా, మెల్లగా నిర్ణయించే క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టుకి అది ప్రతి ఆటలో పెనాల్టీ జెండా తెచ్చిపెడుతుంది.

4. సైగలు, ఒక్క మాట

హడిల్ లేదు కాబట్టి ప్లే సైడ్‌లైన్ నుంచి రావాలి. ఇద్దరు సైగలు చేస్తారు, ఒకడివి నిజం, ఇంకొకడివి ఉత్తుత్తివి. ఎవరివి నిజమో క్వార్టర్‌కో, సిరీస్‌కో (బంతి మన చేతిలో ఉన్న ఒక్కో విడతకో) మార్చండి. మణికట్టు పట్టీ మీద అంకెల జాబితా పెట్టినా పని జరుగుతుంది, కానీ పదకొండుమంది తలలు దించి చదువుతుంటే ఎదురుగా ఎవడు ఎటు కదిలాడో చూసేవాడుండడు. అందుకే నా ఓటు సైగలకే.

లైన్‌మెన్ సైడ్‌లైన్ వైపు చూడలేరు, వాళ్లకు క్వార్టర్‌బ్యాక్ నోటితో చెప్పాలి. కుడికైతే ర-తో మొదలయ్యే మాట, ఎడమకైతే ల-తో మొదలయ్యేది, రామ్, లయన్ లాగా. ఏ మాట ఏ ప్లేకో పిల్లలనే ఎంచుకోనివ్వండి. వాళ్లు పెట్టిన పేరు వాళ్లు మర్చిపోరు.

అన్నిటికంటే వేగంగా ఆడాలనుకున్నప్పుడు ఫార్మేషన్, దిక్కు, ప్లే, స్నాప్ కౌంట్ అన్నీ ఒకే మాటలో ఇమడాలి. అలాంటివి మూడో నాలుగో చాలు.

5. ప్లే అయిపోగానే ఏం చేయాలి?

కోచ్‌లు ఎక్కువగా వదిలేసే పాఠం ఇదే. ప్లే అయ్యాక బంతి చేతిలో ఉన్న కుర్రాడు దాన్ని దగ్గర్లో ఉన్న అఫీషియల్‌ చేతికే అందించాలి. నేల మీద వదిలేసినా, ఇంకెవరికో విసిరినా, సంబరంలో పట్టుకుని తిరిగినా అది మళ్లీ స్పాట్‌కి చేరేసరికి సెకన్లు కరిగిపోతాయి. అఫీషియల్ బంతి పెట్టేవరకు మీ వేగం ఆయన చేతిలోనే ఉంటుంది, ఆయనకు సాయపడితే అది మీకే లాభం. ప్రాక్టీస్‌లో కూడా ఒక కోచ్‌కి ఈల ఇచ్చి అఫీషియల్‌గా నిలబెట్టి, బంతి ఆయన చేతికి అందేదాకా వదలొద్దు.

సెంటర్ పరుగున వెళ్లి బంతి దగ్గర నిలబడాలి, మిగతా లైన్ వాణ్ని చూసి సర్దుకుంటుంది. బయటి రిసీవర్ సైడ్‌లైన్ అఫీషియల్ వైపు చేయి చాపి తాను లైన్ మీద ఉన్నానో లేదో సరిచూసుకోవాలి. స్నాప్‌కి ముందు పదకొండుమందీ కనీసం ఒక సెకను కదలకుండా ఉండాలి, లేకపోతే ఐదు గజాల పెనాల్టీ. తొందరలో జట్లు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ ఐదు గజాలే. అందుకే క్వార్టర్‌బ్యాక్ అటూ ఇటూ ఒకసారి చూసి, అందరూ కుదురుకున్నాకే స్నాప్‌కి సైగగా చప్పట్టు కొట్టాలి.

మనుషుల్ని మార్చాలంటే మాత్రం ఆగాల్సిందే. కాలేజీ నిబంధనల ప్రకారం మనం ఆటగాణ్ని మారిస్తే డిఫెన్స్‌కీ మార్చుకునే అవకాశం ఇస్తారు, అంతసేపు అఫీషియల్ బంతి మీద నిలబడతాడు. వేగంగా వెళ్లదలచినప్పుడు మైదానంలో ఉన్నవాళ్లతోనే వెళ్లాలి.

6. ప్రాక్టీస్ ఎలా నడపాలి

ప్రాక్టీస్ సమయంలో సగం ఉపన్యాసాలకే పోతే శుక్రవారం వేగం రాదు. మాటలు వీడియో గదిలో చెప్పండి. మైదానంలో ప్లే ఆపి పాఠం చెప్పొద్దు. తప్పు చేసినవాడు బయటికి వచ్చినప్పుడు, పక్కన నిలబెట్టి ఒక్క వాక్యంలో చెప్పి పంపేయండి.

మొదట ఎవరి విభాగం వాళ్లు పనిచేస్తారు. తర్వాత రిసీవర్లందరూ ఒకేసారి ఒక ప్లే పరుగెత్తుతారు. ఒక్కో రిసీవర్‌కి ఒక్కో విసిరేవాడు, ఒక్కో బంతి. క్వార్టర్‌బ్యాక్‌లు తక్కువైతే మేనేజర్లు, కోచ్‌లు కలుస్తారు. మొదటివాడు మొదటి చూపుకి (ఆ ప్లేలో క్వార్టర్‌బ్యాక్ ముందుగా చూడాల్సిన రిసీవర్‌కి) వేస్తాడు, రెండోవాడు ఒక క్షణం ఆగి రెండో చూపుకి, అలా. మామూలుగా ఒక ప్లేలో ఒకడికే బంతి అందుతుంది. ఇక్కడ ఐదుగురికీ అందుతుంది. విసిరేవాళ్లు స్థానాలు మారుతూ ఉంటే క్వార్టర్‌బ్యాక్‌లు అన్ని చూపులూ నేర్చుకుంటారు.

చివర్లో టెంపో పీరియడ్, అంటే వేగం సాధన. డిఫెన్స్ లేకుండా పదకొండుమంది, తమ 20 గజాల గీత నుంచి మొదలు. సైగ, స్నాప్, ప్లే, బంతి ఈల కోచ్ చేతికి. ఆయన పది గజాలు ముందు కొత్తచోట పెడతాడు, అందరూ అక్కడికి పరుగు. ఒక మేనేజర్ గడియారం పట్టుకుని ఈల నుంచి స్నాప్ దాకా లెక్కపెట్టి గట్టిగా చదవాలి. మొదటి వారం 25 సెకన్లు పట్టినా కంగారు పడొద్దు. 15 లోపు వస్తే శుక్రవారం ఎదుటి జట్టు ఇంకా సైగలు చూసుకుంటుండగానే మీరు స్నాప్ చేస్తారు. రెండు జట్లు వంతులవారీగా దిగితే ఒక జట్టు ఊపిరి తీసుకుంటుంది, నీళ్లు తాగుతుంది. ఇలా చేసినరోజు విడిగా పరుగు పందాలు పెట్టక్కర్లేదు, పెడితే కాళ్లు అరిగిపోతాయి.

ఎండ సంగతి నిక్కచ్చిగా పాటించాలి. ఆగస్టులో డాలస్ చుట్టుపక్కల ఎండ మన రెంటచింతల వాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ పిల్లల ఒంటి మీద హెల్మెట్, ప్యాడ్లు ఉంటాయి. మొదటి రోజుల్లో ప్యాడ్లు క్రమంగా వేయమని రాష్ట్ర నిబంధనలు చెబుతాయి, వాటిని ఒక్కరోజు కూడా కుదించొద్దు. చల్లని నీళ్ల తొట్టి మైదానం పక్కనే సిద్ధంగా ఉండాలి. వడదెబ్బతో కుర్రాడు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయించి, అది వచ్చేలోగా కుర్రాణ్ని ఆ నీళ్ల తొట్టిలో ముంచాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించడం. టెక్సస్‌లో పూర్తి కాంటాక్ట్ (నిజంగా ఢీకొట్టుకునే) ప్రాక్టీస్‌కి వారానికి ఇన్ని నిమిషాలే అన్న పరిమితి ఉంది. ఈ ఆఫెన్స్‌కి అంతకంటే తక్కువే చాలు.

హడిల్ లేని ఆటలో ఇంకో ప్రమాదం ఉంది. హడిల్‌లో పదిమంది ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి, తల దిమ్మెక్కినవాడు దొరికిపోతాడు. ఇక్కడ వాడు ఎవరి కంటా పడకుండా తర్వాతి ప్లేకి నిలబడిపోతాడు. అందుకే ఒక కోచ్‌కి ప్రతి ప్లే తర్వాత పిల్లలు ఎలా లేస్తున్నారో చూడటమే పనిగా పెట్టండి. అనుమానం వస్తే టైమవుట్ ఖర్చు పెట్టి అయినా బయటికి తీయాలి. కన్‌కషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) అనుమానం ఉన్నవాడు ఆ రోజుకి మళ్లీ దిగకూడదు. ఎంత ముఖ్యమైన ఆట అయినా ఇందులో బేరాల్లేవు.

7. శుక్రవారం రాత్రి

మొదటి పన్నెండు ప్లేలు ముందే రాసుకోండి. వాటితో గజాలు రావడం ఒక ఎత్తు, ఎదుటివాళ్లు ఏ ఫార్మేషన్‌కి ఎలా నిలబడుతున్నారో తెలియడం ఇంకో ఎత్తు. ప్రెస్ బాక్స్‌లో కూర్చున్న కోచ్ రెండే చెప్పాలి: బాక్స్‌లో ఎందరు, లోతులో సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా కాసే డిఫెండర్లు) ఒకడా, ఇద్దరా. ఇద్దరు లోతులో ఉంటే బాక్స్ తేలిక, పరుగెత్తండి. ఒక్కడే ఉంటే ఫోర్ వర్టికల్స్‌లో ఇద్దరు లోపలి రిసీవర్లూ వాడికి చెరోవైపు పరుగెత్తుతారు, వాడు ఇద్దరినీ ఆపలేడు.

వేగానికి మూడు గేర్లు ఉండాలి. మెరుపు గేర్ అంటే బంతి పెట్టగానే స్నాప్. ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు గెలిచి మళ్లీ నాలుగు ప్రయత్నాలు సంపాదించడం) వచ్చాక, పెద్ద లాభం వచ్చాక దీన్ని వాడండి, డిఫెన్స్ అప్పటికే రొప్పుతుంటుంది. రెండోది మామూలు గేర్. లైన్ దగ్గర కుదురుకుని, ఉత్తుత్తి చప్పట్టు కొట్టి డిఫెన్స్‌ని కదిలించి, అందరూ సైడ్‌లైన్ వైపు చూస్తారు. కోచ్ అప్పుడు ప్లే చెబుతాడు. ఆటలో ఎక్కువభాగం దీనితోనే నడవాలి. మూడోది నిదానం. ఆధిక్యంలో ఉన్నప్పుడు గడియారం కరిగించి, ప్లే క్లాక్ (స్నాప్‌కి ఇచ్చే గడువు) చివర్లో స్నాప్ చేయాలి.

ఈ మూడోది నేర్పని కోచ్ సొంత డిఫెన్స్‌ని చంపుకుంటాడు. మెరుపు వేగంతో మూడు పాస్‌లు వేసి మూడూ నేలపాలైతే నిమిషం కూడా గడవదు, అప్పుడే కూర్చున్న మన డిఫెన్స్ మళ్లీ లేవాలి. ప్రతి సిరీస్‌లో మొదటి ఫస్ట్ డౌన్ వచ్చేదాకా మామూలు గేర్, అది వచ్చాకే మెరుపు అన్న నియమం పెట్టుకోండి.

గోల్ లైన్ దగ్గరికి వెళ్లేకొద్దీ లోతు తరిగిపోతుంది. సేఫ్టీలు వెనక్కి పోవాల్సిన పనిలేదు కాబట్టి బాక్స్ నిండిపోతుంది. అక్కడ రిసీవర్లను లోపలికి తెచ్చి, ఒక లైన్‌మన్‌ని అదనంగా పెట్టి, క్వార్టర్‌బ్యాక్ పరుగు ఆడించండి.

8. శనివారం వీడియో

వీడియో చూసేటప్పుడు టచ్‌డౌన్‌లు దాటేసి ప్లేల మధ్య ఖాళీలు చూడండి. ఒక్కో ప్లేకి నాలుగు గడులు గీయండి: ఈల నుంచి స్నాప్ దాకా ఎన్ని సెకన్లు, స్నాప్ ఎక్కడ పడింది, బాక్స్‌లో ఎందరు, క్వార్టర్‌బ్యాక్ సరైనవాణ్నే చదివాడా. పాస్ పట్టారా లేదా అన్నదానికి గడి అక్కర్లేదు. సెకన్లు పెరిగినచోట ఆపి, ఎవరు ఆలస్యంగా కుదురుకున్నారో చూడండి. ఎక్కువసార్లు అది సైగ అర్థంకాని ఒకే ఒక్క రిసీవర్ అయి ఉంటాడు. సోమవారం మైదానంలోకి వెళ్లకముందే వాడితో కూర్చుని ఆ సైగ మార్చేయండి.